పొగకటు కొన్ని, పొగకిటు కొన్ని

పదకొండు దాటి అయిదు నిమిషాలు. పన్నెండు లోపు డబ్బు పడుతుందని ఆఫీసు పిల్ల అన్నది, పన్నెండు దాటితే దాణా లారీ కదులుతుందని డ్రైవరు పెక్కా అన్నాడు, ఇద్దరికీ పన్నెండే ఎందుకు దొరికిందో ఏమో, రవ్న మాత్రం వ్యానులో స్టీరింగు ముందు కూర్చుని, ఒడిలో ఫోను పెట్టుకుని, దాని నల్లటి అద్దంలో తన ముక్కు చూసుకుంటోంది. ఇంజను ఆపేసింది, డీజిలు దండగ. ఆపిన పది నిమిషాలకే కిటికీ అద్దాల లోపలి వైపు తన ఊపిరే పేరుకుని గడ్డకట్టింది, బ్యాంకు కార్డుతో గీకి అరచేయంత మేర చూపు తెరుచుకుంది, ఈ చలికాలంలో ఆ కార్డుకు ఇంతకు మించిన పని పడలేదు. ఆ అరచేయంత జాగాలోంచి సహకార దుకాణం మెట్లు కనిపిస్తున్నాయి, మెట్ల ముందు వరసగా నిలిచిన వ్యాన్లు కనిపిస్తున్నాయి, ప్రతి వ్యానులోనూ ఒక మనిషి, ప్రతి మనిషి ఒడిలోనూ ఒక ఫోను. మంద మేసే చోట ఫోను పలకదు, ఇక్కడే పలుకుతుంది. సర్కారు సాయం ఈ రోజు పడుతుందని అందరికీ తెలుసు, ఎవరూ దిగి ఎవరినీ పలకరించడం లేదు, ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు కూర్చున్నారు. పక్కనే పెక్కా లారీ. సరిహద్దుకు అవతల ఫిన్నుల వైపు నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చింది, టార్పాలిన్ కింద మూడు వందల బస్తాల దాణా. మూడు వందల బస్తాలంటే తన రెయిన్‌డీరు జింకల మందకు యాభై రోజులు, యాభై రోజులంటే ఏప్రిల్ సగం దాకా, అప్పటికి ఎండ తగిలే గట్ల మీద నేల తేలుతుంది, నేల తేలితే నాచు దొరుకుతుంది, నాచు దొరికితే బతుకుతాయి. ఇప్పటికే రెండు లోడ్లు అరువు పెట్టాడు పెక్కా. మూడోది నా చేతిలో లేదక్కా, డబ్బు పడ్డాకే దించమన్నాడు మా యజమాని, అని పొద్దున చెప్పి, తల దించుకుని కాఫీ తాగడానికి దుకాణంలోకి వెళ్ళాడు. మంచివాడే. మంచివాళ్ళందరికీ యజమానులుంటారు.

ఫోను మళ్ళీ నొక్కి చూసింది. పదకొండూ ఎనిమిది. ఏమీ లేదు. డిసెంబరు రెండో వారంలో కూడా ఇలాగే, ఇలాగే చూస్తూ కూర్చున్నది, ఫోను కేసి కాదు, కప్పు కేసి. ఆ సాయంత్రం గుడిసె రేకు మీద ఏదో చప్పుడు మొదలైంది, మొదట ఎలకలనుకుంది, తరువాత అర్థమై చేతిలోని చెంచా పొయ్యి పక్కన పెట్టేసింది. వాన. డిసెంబరులో వాన. ఇస్సాత్ బూటు లేసు కడుతున్నవాడు కట్టడం ఆపి అలాగే వంగి ఉండిపోయాడు, భార్యాభర్తలిద్దరూ ఒకటిన్నర రోజు కురిసిన ఆ వానను వింటూ కూర్చున్నారు. తరువాత చలి విరుచుకుపడింది. తడిసిన మంచు తడిసినట్టే బిగుసుకుంది, నేల మీద నాచు నాచులాగే ఉంది, దాని మీద జానెడు గడ్డ. దొడ్డివాకిలి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతి తొడుగు తీసి తడిమితే, అడుగున నాచు తెల్లగా, గాజు పెట్టెలో పెట్టిన మిఠాయిలా కనిపించింది. అదే చూసి రెయిన్‌డీర్లు కాళ్ళతో తవ్వాయి. గిట్టలు చీలేదాకా తవ్వాయి. మూతితో తవ్వాయి, మూతుల చుట్టూ మంచు ఎర్రబడింది. మూడో వారానికి తవ్వడం మానేసి పడుకున్నవి కొన్ని, పడుకున్నవి మళ్ళీ లేవలేదు. అందరికంటే ముందు గంటపోతు పోయింది. ఒక కన్ను లేని ముసలిది, మెడలో గంటతో మందకు ముందు నడిచేది, పదిహేనేళ్ళుగా నడిచింది. ఇస్సాత్ దాని మెడలో గంట విప్పి, నాలుక మోగకుండా వేలితో పట్టుకుని, కోటు జేబులో వేసుకున్నాడు. ఆ రోజు ఆయన రొట్టె ముట్టలేదు, మర్నాడు తిన్నాడు. మనుషులం తింటాం.

ఇప్పుడు దొడ్డిలో ఉన్నవి ఉన్నాయి. వాటికి దాణా ఇంకా రెండు పూటలకు వస్తుంది, అదీ గుప్పెడు గుప్పెడు తగ్గించి పోస్తే. ఆ తరువాత రెండే దారులు, పెక్కా లారీ రావడం ఒకటి, కబేళా లారీ రావడం ఒకటి. రెండూ లారీలే, ఒకటి దించుతుంది, ఒకటి ఎక్కిస్తుంది. ఎముకల గూళ్ళయిన జింకలకు కబేళా ఎంతిస్తుంది, తోలు ఖరీదు కూడా ఇవ్వదు. మంద పోతే మేత హక్కు పోతుంది, హక్కు పోతే ఈ వయసులో ఇస్సాత్ ఏం చేస్తాడు, బడి పిల్లల బస్సు నడుపుతాడా, ఎదురుగా ఎవరూ లేకపోయినా దారివ్వమని గొణుక్కునే మనిషి. అది కూడా కాదు అసలు నొప్పి. అసలు నొప్పి ఎల్లె. కూతురి కూతురు, నాలుగేళ్ళది. బాప్తిస్మం నాడు దాని జింకలకని ఒక చెవి గుర్తు రాయించారు, ఎడమ చెవికి రెండు గాట్లు, కుడి చెవి కొస కోత, ఆ గుర్తు ఈ భూమ్మీద ఇంకెవరికీ లేదు. పోయిన వేసవిలో దూడల చెవులు కోసేటప్పుడు తాత కత్తి పట్టుకుంటే అది తాత చెయ్యి పట్టుకుని, ఇది నాదే, ఇది నాదే, అని ప్రతి దూడకీ చెప్పుకుంది. మంద లేకపోతే ఆ గుర్తు కాగితం మీద ఉంటుంది. పెట్టడానికి చెవి ఉండదు.

పదకొండూ పదిహేను. నూట పద్దెనిమిది. దొడ్డిలో మిగిలినవి యాభై తొమ్మిది జతలు. ఇదిగో మళ్ళీ. వద్దనుకున్నా ఈ బుర్ర ఊరుకోదు, నిద్రపోయేముందు లెక్క, కాఫీ మరిగేలోపు లెక్క, ఇదంతా నాన్న వల్ల వచ్చింది. రవ్నది కూడా ఇస్సాత్‌లాగే సామీ జాతే, కానీ జింకలవాళ్ళ పిల్ల కాదు, సముద్రం పక్క చేపలవాళ్ళ పిల్ల. నాన్న చేపలను తోకల దగ్గర రెండేసి కట్టి కర్రల మీద ఆరేసేవాడు, తను కింద నిలబడి జతలు గట్టిగా లెక్కపెట్టేది, తప్పు పోతే నాన్న మొదటినుంచి మళ్ళీ చెప్పించేవాడు. వాళ్ళింట్లో లెక్క చెప్పడమంటే భోజనం ముందు ప్రార్థన చెప్పినంత మర్యాద. ఆ మర్యాద మూట కట్టుకుని ఇస్సాత్ ఇంటికి వచ్చింది, వచ్చిన మొదటి శరత్కాలం దొడ్డి గోడ మీద కూర్చుని, కింద గిర్రున తిరుగుతున్న మందను వేలు చూపిస్తూ జతలు జతలుగా లెక్కపెట్టింది, అందరికీ వినబడేలా, మెచ్చుకుంటారని. దొడ్డిలో ఉన్నవాళ్ళంతా ఆగిపోయారు. తాడు విసరబోయినవాడు విసరలేదు. మామ హెయికా టోపీ తీసి చేతిలో పట్టుకుని దగ్గరికి వచ్చాడు, తిట్టలేదు, తిడితే బాగుండేది. దిగమ్మా, అన్నాడు. మన చేత్తో మనం దిష్టి పెట్టుకోకూడదు, అన్నాడు. ఆ చలికాలంలో తోడేళ్ళు కొట్టాయి. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు, ఎవరూ అనలేదన్నదే నలభై ఏళ్ళుగా చెవిలో మోగుతోంది.

మామను ఎవరైనా, పన్నుల గుమస్తా కానీ, చర్చి పాస్టరు కానీ, దారినపోయే టూరిస్టు కానీ, మీకు ఎన్ని జింకలున్నాయని అడిగితే ఒకటే జవాబు. పొగకటు కొన్ని, పొగకిటు కొన్ని. వేసవిలో దోమలకు పొగ పెడతారు, మంద వచ్చి పొగ చుట్టూ చేరుతుంది, ఇటు నిలబడ్డవాడికి అటువి కనబడవు, అటు వెళితే ఇటువి కనబడవు, మామ చెప్పింది అబద్ధమూ కాదు. అడిగినవాడు నవ్వేసి ఊరుకునేవాడు. ఒకరి సంచిలో ఎంతుందో అడగకూడదని తెలియనివాడికి అంతకంటే మర్యాదగా ఏం చెబుతాం. మామ పోయాక ఆ మాట ఇస్సాత్‌కు వచ్చింది, టోపీతో పాటు. ఇస్సాత్‌కు మందలో ప్రతి జింక ముఖమూ తెలుసు, తల్లి ఎవరో, ఏ ఏడు ఏ కాలు కుంటిందో తెలుసు, ఒకటి తగ్గితే ముఖం తగ్గిందని తెలుస్తుంది, కానీ మొత్తం ఎన్ని అన్నది ఆయన తలలో లేదు, ఉండనివ్వలేదు. అది తన తలలో ఉండేది. నోరు మూసుకుని, కళ్ళతో, జతలు జతలుగా. గంటపోతుతో మొదలుపెట్టేది, దానికి జత ఉండేది కాదు. ఒంటిది ఒకటి, ఇక జతలు. పోయిన నవంబరులో నూట యాభై అయిదు జతలు, ఒంటిది ఒకటి. మూడు వందల పదకొండు. ఈ సంఖ్య ఈ లోకంలో ఒక్క తలలోనే ఉండేది, దొంగతనంగా పెంచుకున్న పిల్లిలాగా దాన్ని తను ఎవరికీ చెప్పకుండా సాకింది, ఆ సుఖం ఎలా ఉండేదో దేవుడికి కూడా చెప్పలేదు.

కాగితం మీద మాత్రం నూట ఇరవై. ఏటా ఏప్రిల్‌లో సర్కారు ఫారం వస్తుంది, మందలో ఎన్ని అని ఒక గడి ఉంటుంది. బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకుని ఫారం నింపేది తనే, ఇస్సాత్‌కు పెన్ను పట్టుకుంటే వేళ్ళు వంకర్లు పోతాయి. ఇక్కడేం రాయను అని అడిగేది. పోయినేడు రాసిందే రాయి, అనేవాడు. పోయినేడు రాసింది అంతకు ముందేడు రాసింది, అంతకు ముందేడు రాసింది మామ చనిపోయే ముందు రాయించింది, అలా పధ్నాలుగేళ్ళుగా ఆ ఇంటి జింకలు ఈనలేదు, చావలేదు, నూట ఇరవై దగ్గరే కదలకుండా నిలబడ్డాయి. సర్కారు మందలు ఎక్కువయ్యాయి తగ్గించమని గోల చేసిన ఏడు, మీ ఇంటివాళ్ళు ఆదర్శం అని ఉత్తరం కూడా వచ్చింది. ఆ ఉత్తరం చదివి ఇస్సాత్ నవ్విన నవ్వు, పొయ్యి పక్క కూర్చుని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. తనూ నవ్వింది. ఎంత బాగా నవ్వారు.

దుకాణం ముందు ఒక వ్యాను తలుపు తెరుచుకుంది. యోవ్నా. వ్యాను పక్కన నిలబడి ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, దూరంగా పెట్టి చూసి, మళ్ళీ దగ్గరగా పెట్టుకున్నాడు. తరువాత టోపీ తీసి తల గోక్కున్నాడు. పడ్డట్టుంది. పడకేం, యోవ్నా ఏటా ఉన్నది ఉన్నట్టు రాస్తాడు, వాళ్ళ నాన్న రోజుల నుంచీ రాస్తారు, అందుకే ఈ ఊరంతా వాళ్ళను గుమస్తాలని పిలుస్తుంది. పెళ్ళిళ్ళలో, దొడ్ల దగ్గర, యోవ్నా వస్తుంటే ఇస్సాత్ కాగితం మీద రాస్తున్నట్టు అరచేతి మీద వేలితో గీసి చూపించేవాడు, అందరూ పగలబడేవారు, యోవ్నా కూడా నవ్వేవాడు, నవ్వక ఏం చేస్తాడు. ముప్పై ఏళ్ళు నవ్వాడు. ఇప్పుడు మెట్లెక్కుతూ తన వ్యాను చూశాడు, చెయ్యెత్తాడు, అందులో ఎగతాళి లేదు, ఉంటే తట్టుకునేది. తనూ చెయ్యెత్తింది. ఆ మెట్ల మీద గడ్డకట్టిన చోట కాలు జారితే బాగుండునని మనసులో అనుకుంది, నడుం విరిగేంత కాదు, ఊరికే కూర్చుండిపోయేంత. జారలేదు. అరవై ఒక్క ఏళ్ళొచ్చి ఇలాంటి కోరికలా అని సిగ్గు పడింది, సిగ్గుపడ్డా కోరిక పోలేదు.

పదకొండూ ముప్పై రెండు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, ఫోనును అరచేతుల మధ్య పెట్టి ఊదింది, ఫోను చలికి చచ్చిపోతే డబ్బు పడ్డా తెలియదు. జనవరిలో ఆఫీసు వాళ్ళు వచ్చిన రోజు కూడా ఇంత చలి. ముగ్గురొచ్చారు, సాయం ఇవ్వాలంటే ముందు బతికినవి లెక్కపెట్టాలట. చచ్చినవాటిని చూపించమంటే చూపించడానికి నక్కలూ కాకులూ ఏం మిగిల్చాయి, మిగిలినవి గాలికి పేరుకున్న మంచు కింద ఎక్కడెక్కడో ఉన్నాయి. కాబట్టి వాళ్ళ పద్ధతి తేలిక, పోయిన ఏప్రిల్ కాగితంలో రాసినదాంట్లోంచి ఇప్పుడు బతికున్నవి తీసేస్తే పోయినవెన్నో వస్తుంది. దొడ్డి వాకిలి సగం మూసి, ఒక్కో జింకను దాటించి, దక్షిణాది నుంచి వచ్చిన ఆ ఇంగ్‌విల్డ్ అనే పిల్ల, చేతిలోని లెక్క మిషనును టిక్కు టిక్కుమని నొక్కింది. ఇస్సాత్ వాకిలి కర్ర పట్టుకుని మొహం అటు తిప్పుకున్నాడు. నలభై ఏళ్ళ తరువాత ఆ దొడ్డిలో మళ్ళీ ఒకరు పైకి లెక్కపెట్టారు. నూట పద్దెనిమిది. ఆ పిల్ల తన కాగితం చూసుకుంది, మిషను చూసుకుంది, ముఖం విప్పారింది. మీరు చాలా బాగా కాపాడుకున్నారండీ, మిగతావాళ్ళకు సగానికి సగం పోయాయి, మీకు రెండే పోయాయి, అని ఇస్సాత్ చేయి పట్టుకుని ఊపింది. ఇస్సాత్ చేయి ఊపించుకున్నాడు. లోపలికి రమ్మని, కాఫీ పోసి, ఉన్న చివరి ఎండుమాంసం ముక్కలు కోసి, అతిథికి చేసే మర్యాదగా ఆమె కాఫీ కప్పులోనే వేశాడు. రెండే పోయాయి అన్న పిల్లకు.

అప్పుడు తను ఆ పని చేసింది. ఇస్సాత్ కట్టెలు తేవడానికి వెళ్ళినప్పుడు, ఆ పిల్ల కారు దగ్గరికి నడుస్తుంటే వెనకాల పరిగెత్తింది. పరిగెత్తి, కారు తలుపు పట్టుకుని, ఊపిరి తీసుకుని, నలభై ఏళ్ళుగా పెదవి దాటని దాన్ని బయటికి అన్నది.

"మూడు వందల పదకొండు ఉండేవమ్మా. కాగితంలోది నిజం కాదు. నేను లెక్కపెట్టాను."

ఆ పిల్ల తిరిగి చూసింది. కళ్ళు నీలంగా, మంచివిగా ఉన్నాయి. "పధ్నాలుగేళ్ళుగా మీరే రాసిచ్చారు కదండీ నూట ఇరవై అని," అన్నది, నిలదీసినట్టు కాదు, నిజంగా అర్థం కాక. ఏం చెబుతుంది. దిష్టి అని చెబుతుందా, మామ టోపీ సంగతి చెబుతుందా, ఒకరి మందను అడగకూడదని వీళ్ళ బళ్ళలో ఎందుకు నేర్పరో చెబుతుందా. అలవాటు, అన్నది. ఆ పిల్ల చిన్న పుస్తకం తీసి రాసుకుంది, మూడు, ఒకటి, ఒకటి. పెద్దవాళ్ళకు చెబుతాను, మాటివ్వలేను, అన్నది. ఆ మూడు అంకెలు ఎవరిదో పెన్నుతో ఎవరిదో పుస్తకంలో పడటం చూస్తుంటే పొత్తికడుపులో ఏదో జారిపోయినట్టయింది, మొదటి బిడ్డ నెలలు నిండకుండా పోయినప్పుడు అలాగే అయింది. ఇస్సాత్ కట్టెలతో వస్తూ, ఏం మాట్లాడుతున్నావ్ అన్నాడు. దారి చెబుతున్నా అన్నది. ఆ రోజు నుంచి ఆయన కళ్ళలోకి సూటిగా చూడలేదు, నెల పైన అయింది, కాఫీ ఇచ్చేటప్పుడు కప్పు కేసి చూస్తుంది.

సోమవారం ఫోను చేసింది ఇంగ్‌విల్డ్. నిర్ణయం అయిపోయింది, శుక్రవారం పన్నెండు లోపు పడుతుంది, మీరు చెప్పింది పైకి పంపాను, అన్నది. ఎంత అని ఈమె అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ గొంతును రవ్న నాలుగు రోజులుగా తిప్పి తిప్పి వింటోంది. పంపాను అన్నప్పుడు గొంతు తగ్గిందా. తగ్గినట్టుంది. జలుబు చేసి ఉంటుంది. మంచి వార్త అయితే పిల్లలు దాచుకోలేరు. కానీ ఆఫీసు పిల్లలు వేరు, వాళ్ళకు దాచుకోవడమే ఉద్యోగం. పోయిన ప్రతి తలకు రెండు వేల నాలుగు వందల క్రోనర్లు. నూట తొంభై మూడు పోయాయని ఒప్పుకుంటే పెక్కా అరువు తీరి, ఈ లారీ దిగి, ఇంకో లారీ దిగి, వేసవి దాకా గడిచిపోతుంది. సగం ఒప్పుకున్నా చాలు. సగంలో సగం, ఈ ఒక్క లారీ. అంతకు దిగి కూడా ఆశ పడగలనా అని చూసుకుంది, పడగలదు, ఆశకు అడుగు కనబడలేదు. దేవుడా, నేను చెప్పకూడనిది చెప్పాను, అది ఊరికే పోనివ్వకు. చెప్పినందుకు ఏదో ఒకటి ఇప్పించు. పదకొండూ నలభై ఏడు. దుకాణం వెనక కొండ మీదికి సూర్యుడు వచ్చాడు, ఎర్రగా, వేడి లేకుండా, ఈ నెలలో రావడమే ఎక్కువ అన్నట్టు. అద్దం మీద మంచు రవ్వలన్నీ ఒక్కసారి వెలిగాయి. అందంగా ఉంది. ఆ అందం మీద కూడా కోపమొచ్చింది.

ఒడిలో ఫోను వణికింది.

ముందు చూడలేదు. చేతి తొడుగు తీసింది, మడిచింది, పక్క సీటు మీద పెట్టింది. తరువాత చూసింది. నాలుగు వేల ఎనిమిది వందలు జమ అయ్యాయి. సున్నాలు లెక్కపెట్టింది, రెండే ఉన్నాయి, ఎనిమిది వెనక రెండు. కింద ఒక వరస, చలికాలపు విపత్తు సాయం, రెండు తలలు. ఇంకేమన్నా ఉందేమోనని వేలితో పైకి తోసింది, కిందికి తోసింది. రెండు తలలు. నూట ఇరవైలోంచి నూట పద్దెనిమిది తీసేస్తే రెండు, చేపల గట్టు మీది పిల్లకైనా వచ్చే లెక్క. ఎవరూ మోసం చేయలేదు, తను రాసిచ్చింది తనకు ఇచ్చారు, అంతే, అందుకే ఎవరి మీద అరవడానికీ లేదు. ఏడుపు రాలేదు. వచ్చింది ఒకటే, ఆ చిన్న పుస్తకం. ఎక్కడో దక్షిణాదిన ఏదో బల్ల సొరుగులో ఆ పుస్తకం ఉంటుంది, అందులో మూడు, ఒకటి, ఒకటి, పనికిరాకుండా. దాన్ని వెళ్ళి అడిగి తెచ్చుకోవాలనిపించింది. డబ్బు వద్దు, అది ఇచ్చేయమ్మా, అని.

పెక్కా వచ్చి కిటికీ మీద వేలి కణుపుతో కొట్టాడు. అద్దం దించింది. అతను ముఖం చూశాడు, ఈ చలికాలం ఇలా చాలా కిటికీలు కొట్టి ఉంటాడు. నాలుగు వేల ఎనిమిది వందలకు ఎన్ని వస్తాయని తనే అడిగింది. పదహారు బస్తాలు, అన్నాడు. దించమన్నది. అరువు సంగతి ఎత్తకుండా టార్పాలిన్ తాడు విప్పాడు, ఎత్తితే ఆ పదహారూ రావు, ఎత్తకపోవడమే అతను చేయగలిగిన సాయం. ఒకటి, రెండు, మూడు, అని పైకి లెక్కపెడుతూ వ్యానులోకి వేశాడు, గట్టిగా, దుకాణం మెట్ల దాకా వినబడేలా. మెల్లగా అనరా నాయనా అందామనుకుంది. పదహారు. వ్యాను వెనక భాగం కుంగింది. మూడు రోజులకు రెండు బస్తాలు తక్కువ. పెక్కా చేతులు దులుపుకుని, యోవ్నా దొడ్డికి పోతున్నానక్కా, మిగతాది ఆయన కొన్నాడు, దారిలో ఏమన్నా ఇస్సాత్ అన్నకు చెప్పాలా, అన్నాడు. ఏమీ లేదన్నది. రెండు వందల ఎనభై నాలుగు బస్తాలు రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా చూసింది.

పన్నెండు గంటలకు ఇస్సాత్ ఫోను చేస్తాడు. దొడ్డి వెనక ఒక బండ ఉంది, దాని మీదికి ఎక్కి ఒక వైపు తిరిగి నిలబడితే కాస్త పలుకుతుంది. పన్నెండు దాటి రెండు నిమిషాలకు మోగింది. మొదట గాలి వినిపించింది, తరువాత బూట్లు బండ మీద సర్దుకున్న చప్పుడు, తరువాత జేబులో గంట, ముసలిదాని గంట, ఎక్కేటప్పుడు నాలుక వదిలేసి ఉంటాడు, రెండుసార్లు కొట్టుకుంది.

"పడిందా?"

"పడింది."

"ఎంత?"

ఆయనకు చెప్పడానికి కప్పు కేసి చూడనక్కరలేదు, ఫోనులో కళ్ళుండవు. "రెంటికి ఇచ్చారు," అన్నది.

గాలి. ఏం చేస్తున్నాడో కనిపిస్తోంది, బండ మీద నిలబడి కింద దొడ్డి చూస్తున్నాడు, ఒక్కో ముఖం చూస్తున్నాడు, ఏ ముఖం తరువాత ఏ ముఖమో ఇప్పటికే వరస పెట్టుకుంటున్నాడు. ఎల్లె గుర్తున్నవి చివర ఎక్కేలా ఒక పక్కకు తోలనా, అని అడిగాడు. తోలు, అన్నది. కబేళా వాళ్ళకు నువ్వు చేస్తావా నేను చేయనా, అని అడిగాడు. నేనే చేస్తా, ఇక్కడైతే పలుకుతుంది, అన్నది. ఇద్దరి గొంతులూ మామూలుగానే ఉన్నాయి, ఉప్పు అయిపోయింది తే అన్నట్టుగా. ఇంక పెట్టేస్తాడనుకుంది. పెట్టలేదు.

"రవ్నా," అన్నాడు. "వానకు ముందు మనకు మొత్తం ఎన్ని ఉండేవి? నువ్వు లెక్కపెడతావుగా. నాకు తెలుసులే, మొదటి ఏడు నుంచీ తెలుసు. నీ పెదాలు కదులుతాయి."

చేతిలో చేతి తొడుగు ఉంది, ఎప్పుడు తీసుకుందో తెలియదు. నలభై ఏళ్ళు చూసి ఊరుకున్నాడన్నమాట. మామ వినకుండా, దేవుడు వినకుండా దాచుకున్నానని తను మురిసిపోయినదాన్ని, ఆయన కూడా పక్కనే పడుకుని దాచిపెట్టాడన్నమాట. జీవితంలో ఎవరినీ అడగనివాడు అడుగుతున్నాడు. నాలుక మీదే ఉంది, నూట యాభై అయిదు జతలు, ఒంటిది ఒకటి. పరాయి పిల్లకు కారు తలుపు పట్టుకుని చెప్పింది, ఏమీ దక్కనిదానికి చెప్పింది. ఈ మనిషికి చెప్పడానికేం. చెబితే ఆయన కింద దొడ్డిలో ఉన్నవాటిని దాంట్లోంచి తీసేస్తాడు, బండ మీద నిలబడి, చలిలో, ఒక్కడే, తీసివేత తెలియని మనిషి మొదటిసారి తీసివేత చేస్తాడు. ముఖాలు పోయాయని తెలుసు ఆయనకు, అది చాలదా. తొడుగు ఒడిలో పెట్టింది.

"పొగకటు కొన్ని," అన్నది, "పొగకిటు కొన్ని."

తరువాత ఆయన గొంతు, టోపీ చెవుల మీదికి లాక్కున్నట్టు మందంగా, సరే, కాఫీ పెడతాను, మెల్లగా రా, రోడ్డు జారుతుంది, అన్నాడు. గంట ఒకసారి మోగింది, లైను పోయింది. రవ్న కబేళా నంబరు వెతికి నొక్కింది, అవతల ఎవరో ఆడమనిషి ఎత్తి ఎన్ని ఉన్నాయండీ అని అడిగింది, అడగడం ఆమె పని కాబట్టి, నూట పద్దెనిమిది అని చెప్పింది.